1775 ఇంగ్లండ్ సీజన్: మూడో స్టంపు నిజంగా ఒక్క మ్యాచ్ వల్లే వచ్చిందా?

ప్రశ్న: గల్లీ పాయింట్

అందరికీ నమస్కారం. సెలవుల్లో మా అబ్బాయి పెరట్లో రెండు కర్రలు పాతి, వాటి మీద ఒక పుల్ల అడ్డంగా పెట్టి బౌలింగ్ చేస్తూ ఉండగా బంతి ఆ రెండు కర్రల మధ్య నుంచి దూరిపోయింది. పుల్ల కదలలేదు. అది అవుటా కాదా అని పిల్లలు గొడవపడి, చివరికి తీర్పు కోసం నా దగ్గరకు వచ్చారు. 1775లో లండన్‌లో సరిగ్గా ఇలాగే జరిగిందనీ, ఆ మ్యాచ్ తర్వాతే వికెట్టుకు మూడో స్టంపు చేరిందనీ ఎక్కడో చదివిన గుర్తు ఉంది. అదే ఏడాది మొదటి సెంచరీ కూడా నమోదైందని అంటారు. ఈ రెండింటిలో నిజమెంత? ఆ సీజన్ గురించి, ఆనాటి ఆటగాళ్ళ గురించి తెలిసినవారు కొంచెం వివరంగా చెబితే పిల్లలకు సరైన సమాధానం ఇవ్వాలని నా కోరిక.

సమాధానం: పాత స్కోరుబుక్

మీరు చదివినది ప్రధానంగా నిజమే. అయితే ఈ ఉదంతాన్ని చెప్పేవారు చాలామంది బ్యాటరు పేరును ముందు చెప్పి, బౌలరును ఒక్క వాక్యంతో దాటేస్తారు. నా దృష్టిలో ఇది ముందుగా ఆ బౌలరు కథ.

అప్పటి వికెట్టు ఎలా ఉండేదో మొదట చూడాలి. 1744లో లండన్‌లో రాసుకున్న నిబంధనల ప్రకారం 22 అంగుళాల ఎత్తున్న రెండు స్టంపులు, వాటి మీద 6 అంగుళాల పొడవున్న ఒకే ఒక బెయిలు (అడ్డంగా పెట్టే పుల్ల) ఉండేవి. పిచ్ పొడవు ఇప్పటిలాగే 22 గజాలు, ఓవరుకు నాలుగు బంతులు. బౌలర్లందరూ చేతిని భుజానికి దిగువనే ఉంచి బంతి వేసేవారు. పూర్వం బంతిని నేల మీద దొర్లించేవారు కాబట్టి బ్యాటు కూడా హాకీ కర్రలాగా కింద వంపు తిరిగి ఉండేది. 1760ల నాటికి బౌలర్లు బంతిని గాలిలో వదిలి, బ్యాటరు ముందు సరైన చోట నేలకు తాకించి పైకి లేపడం నేర్చుకున్నారు. దానికి జవాబుగా బ్యాటు నిటారుగా, తిన్నగా మారింది. వికెట్టు మాత్రం దొర్లే బంతుల కాలంలో ఉన్నట్టే ఉండిపోయింది. చిక్కంతా ఇక్కడే వచ్చింది.

ఇప్పుడు 1775 మే 22కు వద్దాం. లండన్‌లో ఫిన్స్‌బరీ దగ్గరున్న ఆర్టిలరీ గ్రౌండ్‌లో హాంప్‌షైర్ కౌంటీకి చెందిన హాంబుల్డన్ క్లబ్బు ఆటగాళ్ళు ఐదుగురికీ ఎదుటి పక్షం ఐదుగురికీ సింగిల్ వికెట్ (ఒక్కసారికి ఒక్క బ్యాటరే ఆడే) పందెం జరిగింది. సింగిల్ వికెట్‌లో ఒక పరుగు రావాలంటే బ్యాటరు అవతలి స్టంపు దాకా వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి చిన్న లక్ష్యం కూడా బరువుగానే ఉండేది. హాంబుల్డన్ తరపున చివరి మనిషిగా జాన్ స్మాల్ దిగేసరికి గెలుపుకు 14 పరుగులు కావాలి. బంతి వేస్తున్నది ఎడ్వర్డ్ స్టీవెన్స్, అందరూ ‘లంపీ’ అని పిలుచుకునే సర్రే బౌలరు. ఆ ఇన్నింగ్స్‌లో లంపీ వేసిన బంతి మూడుసార్లు స్మాల్ బ్యాటును దాటి, రెండు స్టంపుల నడుమ నుంచి దూసుకుపోయింది. మూడుసార్లూ బెయిలు కదలలేదు. బెయిలు పడనిదే వికెట్టు పడినట్టు కాదు గనుక స్మాల్ ఆట కొనసాగించాడు, 14 పరుగులూ చేసి పందెం గెలిపించాడు.

స్మాల్ తప్పు ఇందులో ఏమీ లేదు. నిబంధన ప్రకారం అతను అవుట్ కాలేదు. కానీ లంపీ ఎలాంటి బౌలరో తెలిస్తే ఆ రోజు చూసినవారికి కలిగిన బాధ అర్థమవుతుంది. అతను థేమ్స్ నది ఒడ్డున వాల్టన్‌లో ఎర్ల్ ఆఫ్ టాంకర్‌విల్ దగ్గర తోటమాలిగా ఉండేవాడు. నేల మీద పెట్టిన ఈకను బంతితో కొట్టి తన యజమానికి 100 పౌండ్ల పందెం గెలిపించాడని చెబుతారు. పిచ్ ఎంచుకునే అవకాశం వచ్చినప్పుడు బంతి చప్పున కిందికి జారిపోయేలా చిన్న గుట్ట వాలు చూసి స్టంపులు పాతించుకునేవాడు. అంత గురి ఉన్న మనిషి అన్నిటికన్నా తిన్నగా వేసిన బంతులే వృథా పోయాయి. కొంచెం పక్కకు వేసి ఉంటే స్టంపుకు తగిలి వికెట్టు పడేది. గురి తప్పినవాడికి ఫలితం దక్కి, గురి కుదిరినవాడికి దక్కకపోవడం అన్యాయమని అక్కడున్నవారికి తోచింది. దాని పర్యవసానంగానే మధ్యలో మూడో స్టంపు చేరింది. వెంటనే దేశమంతటా ఒక్కసారిగా మారిపోలేదు, క్రమంగా వ్యాపించింది.

సమాధానం: లెగ్ గ్లాన్స్

పై సమాధానం బాగుంది. అయితే దానికి ముందున్న నాలుగేళ్ళు కూడా కలిపి చూడకపోతే 1775 విడిగా, అకస్మాత్తుగా జరిగిన వింతలా కనిపిస్తుంది. 1771 సెప్టెంబరు 23న చెర్ట్సీ దగ్గర లేల్‌హామ్ బర్వే మైదానంలో హాంబుల్డన్, చెర్ట్సీ జట్లు తలపడినప్పుడు వైట్ అనే రైగేట్ ఆటగాడు వికెట్టు మొత్తాన్ని కప్పేసేంత వెడల్పున్న బ్యాటుతో దిగాడు. హాంబుల్డన్ ఆ మ్యాచ్‌ను ఒక్క పరుగు తేడాతో గెలిచింది, అయినా విషయాన్ని అంతటితో వదలలేదు. రెండు రోజుల తర్వాత బ్యాటు వెడల్పు నాలుగుంపావు అంగుళాలు దాటకూడదని ఒక కాగితం రాసి, వారి వేగవంతమైన బౌలరు థామస్ బ్రెట్, కెప్టెన్ రిచర్డ్ నైరెన్, జాన్ స్మాల్ ముగ్గురూ సంతకాలు చేశారు. బ్యాటు వెడల్పుకు ఈనాటికీ అదే హద్దు.

ఇక్కడ ఒక సంగతి నన్ను ప్రతిసారీ ఆపుతుంది. బ్యాటు వెడల్పును తగ్గించమని సంతకం చేసిన స్మాల్ స్వయంగా బ్యాటరు, పైగా పీటర్స్‌ఫీల్డ్‌లో బ్యాట్లు, బంతులు చేసి అమ్ముకునేవాడు, అంతకుముందు చెప్పులు కుట్టేవాడు. తన వృత్తికీ తన పరుగులకూ అనుకూలించే దారిని అతను కోరలేదు. నాలుగేళ్ళ తర్వాత రెండు స్టంపుల మధ్య సందు వల్ల లాభపడింది కూడా ఆ స్మాలే కావడం చరిత్రలో అరుదుగా కనిపించే కలయిక.

1774 ఫిబ్రవరి 25న లండన్ పాల్ మాల్‌లోని ‘స్టార్ అండ్ గార్టర్’ సత్రంలో పెద్దమనుషుల కమిటీ కూర్చుని నిబంధనలను సవరించింది. బ్యాటు వెడల్పు హద్దు, కాలు అడ్డుపెట్టి ఆపితే అవుట్ అనే నియమం, బంతి బరువు ఐదున్నర ఔన్సుల నుంచి ఐదుంముప్పావు ఔన్సుల మధ్య ఉండాలన్న కొలత అప్పుడే వచ్చాయి. లంపీ యజమాని టాంకర్‌విల్ ఆ కమిటీలో సభ్యుడు. అధ్యక్షత వహించిన సర్ విలియం డ్రేపర్ మన ప్రాంత చరిత్ర చదివినవారికి కొత్తవాడు కాదు: 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసును ముట్టడించినప్పుడు కోటలోంచి బయటికి వచ్చి ఎదురుదాడి నడిపిన ఆంగ్లేయ అధికారి ఆయనే. అంత జాగ్రత్తగా సవరించిన ఆ కమిటీ కూడా స్టంపులను మాత్రం రెండుగానే ఉంచింది. లోపం కాగితం మీద కనిపించలేదు, మరుసటి ఏడు మైదానంలో లంపీ బంతులు దాన్ని చూపించాయి.

ఆ 1775 పందెంలో ఎదుటి పక్షం ఎవరో కూడా చెబుతాను. హాంబుల్డన్ ఆటగాళ్ళ జ్ఞాపకాలతో 1833లో వచ్చిన జాన్ నైరెన్ పుస్తకంలో ఆ పక్షాన్ని ‘ఆల్ ఇంగ్లండ్’ అన్నారు. సాధారణంగా ఆ ఐదుగురిని కెంట్ పక్షంగా లెక్కిస్తారు, లంపీని వారికి అరువిచ్చారు. జాన్ నైరెన్ కెప్టెన్ రిచర్డ్ నైరెన్ కుమారుడు, 1764లో పుట్టాడు. అంటే ఆ మ్యాచ్ నాటికి పదకొండేళ్ళ లోపు బాలుడు. పుస్తకం వచ్చింది దాదాపు అరవై ఏళ్ళ తర్వాత. కాబట్టి దాన్ని ప్రేమగా చదవాలి, వివరాలను మాత్రం సరిచూసుకోవాలి.

ప్రశ్నకర్త: గల్లీ పాయింట్

ఇద్దరికీ ధన్యవాదాలు. సెంచరీ సంగతి మిగిలిపోయింది. అది కూడా ఈ స్మాల్‌దేనా? ఇంకొక సందేహం: మూడో స్టంపు చేరిస్తే బ్యాటర్లు తొందరగా అవుటై ఆట త్వరగా ముగిసిపోతుందని అప్పట్లో ఎవరూ భయపడలేదా?

సమాధానం: పాత స్కోరుబుక్

అవును, అదే స్మాల్, అదే సీజన్. 1775 జూలై 13 నుంచి 15 వరకు హాంబుల్డన్ ఊరికి దగ్గర్లో ఉన్న బ్రాడ్‌హాఫ్‌పెన్నీ డౌన్ మీద హాంప్‌షైర్, సర్రే జట్లు ఆడాయి. హాంప్‌షైర్ మొదట 168, సర్రే 151 చేశాయి. రెండో ఇన్నింగ్స్‌లో స్మాల్ 136 పరుగులు చేశాడు, రిచర్డ్ నైరెన్ రెండు పరుగుల తేడాతో సెంచరీ తప్పి 98 దగ్గర ఆగాడు, బ్రెట్ 68 చేశాడు. జట్టు మొత్తం 357. సర్రే 78కే కుప్పకూలడంతో హాంప్‌షైర్ 296 పరుగులతో గెలిచింది. ఒక జట్టు మొత్తం వందలోపే ముగిసిపోవడం మామూలుగా జరిగే ఆ కాలంలో, గాట్లు పెట్టిన కర్ర మీద పరుగులు లెక్కించే ఆ రోజుల్లో, ఒక్క మనిషి పేరిట 136 గాట్లు పడటం ఎంత పెద్ద విషయమో ఊహించవచ్చు.

అయితే ‘మొదటి సెంచరీ’ అనేటప్పుడు కాస్త జాగ్రత్త అవసరం. 1769 ఆగస్టు 31న డ్యూక్ ఆఫ్ డోర్సెట్ జట్టు తరపున రోథమ్ మీద జాన్ మిన్షల్ చేసిన 107 అంతకంటే ముందే నమోదై ఉంది. అది చిన్న స్థాయి మ్యాచ్. పెద్ద జట్ల మధ్య జరిగిన ఆటల్లో ఇప్పుడు మనకు స్కోరు దొరుకుతున్నంత వరకు స్మాల్ 136 మొదటిది. పిల్లలకు ఈ తేడా చెప్పండి, వారికి అర్థమవుతుంది.

ఇక మీ రెండో సందేహం చాలా మంచిది. ఆట త్వరగా ముగిసిపోతుందని ఆనాడు చాలామంది సరిగ్గా అలాగే భయపడ్డారని నైరెన్ పుస్తకంలోనే ఉంది. దానికి ఎదురుగా ఇచ్చిన అభిప్రాయం కూడా అక్కడే కనిపిస్తుంది: స్టంపు పెరిగితే బ్యాటరు తన వికెట్టును రెట్టింపు శ్రద్ధతో కాపాడుకుంటాడు తప్ప ఆట కుంచించుకుపోదు. జరిగింది అదే. రెండేళ్ళ తర్వాత, 1777 జూన్ 18న సెవెనోక్స్ వైన్ మైదానంలో మొదలైన మ్యాచ్‌లో హాంబుల్డన్ ఆటగాడు జేమ్స్ ఎల్వర్డ్ ఇంగ్లండ్ జట్టు మీద 167 పరుగులు చేశాడు. ఆ ఇంగ్లండ్ జట్టులో లంపీ కూడా ఉన్నాడు. బుధవారం సాయంత్రం దిగిన ఎల్వర్డ్ శుక్రవారం మధ్యాహ్నం దాకా కదలలేదు. ఇంగ్లండ్ 166, 69 చేస్తే హాంబుల్డన్ ఒకే ఇన్నింగ్స్‌లో 403 చేసి ఇన్నింగ్స్ 168 పరుగులతో గెలిచింది. ఎల్వర్డ్ స్కోరును 1820లో లార్డ్స్‌లో విలియం వార్డ్ 278 చేసేదాకా ఎవరూ దాటలేదు. బౌలరుకు న్యాయం చేయడం వల్ల బ్యాటింగ్ కుంగిపోలేదు, గట్టిపడింది. నిటారైన బ్యాటును బంతి దారిలోకి తెచ్చి మధ్య స్టంపును కాచుకోవడం అప్పటి నుంచే బ్యాటరు మొదటి పాఠం అయింది.

సమాధానం: లెగ్ గ్లాన్స్

పిల్లల తగాదాకు తీర్పు కూడా చెప్పాలి కదా. మీ అబ్బాయి ఆటలో బెయిలు పడలేదు కాబట్టి 1775 నిబంధన ప్రకారం ఆ బ్యాటరు అవుట్ కాదు. రెండో కర్రకూ మొదటి కర్రకూ మధ్య ఇంకొకటి పాతించండి. కర్రల మధ్య సందును బంతి కంటే సన్నగా ఉంచమనండి. స్టంపులన్నీ సమానమైన మందంతో, మధ్య నుంచి బంతి దూరనివ్వనంత లావుగా ఉండాలన్న మాట తర్వాతి కాలపు అధికారిక నిబంధనల్లో నేరుగా చేరింది. ఈనాటి వికెట్టు 28 అంగుళాల ఎత్తు, 9 అంగుళాల వెడల్పు. లంపీ ముందున్నది 22 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల వెడల్పు మాత్రమే. అంత చిన్న వికెట్టు నడుమ నుంచి ఒకే బ్యాటరు మీద మూడుసార్లు బంతి పంపగలిగాడని వారికి తప్పకుండా చెప్పండి.

ప్రశ్నకర్త: గల్లీ పాయింట్

మూడో కర్ర ఈ సాయంత్రమే పాతించాను. మధ్య కర్రకు వాళ్ళు ‘లంపీ’ అని పేరు పెట్టుకున్నారు.