భయము పోకుండానే దేవుని నమ్మదగినతనమును ఆనుకొనగలమా?

ప్రశ్న: గుంటూరు నుండి ఒక సోదరి

అందరికీ ప్రభువు నామమున వందనములు. మా వారికి రెండు మూత్రపిండాలూ పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. ఉదయం లేవగానే ఆయన ఎడమ చేతి మీద, డయాలసిస్ కోసం శస్త్రచికిత్సతో ధమనిని, సిరను కలిపిన ఫిస్టులా ఉన్న చోట వేళ్లు ఆనించి చూస్తాను. లోపల రక్తం జుమ్మని కదులుతున్నట్లు తెలిస్తే ఊపిరి పీల్చుకుంటాను. అది తెలియడం ఒక్క క్షణం ఆలస్యమైనా గుండె జారిపోతుంది. దేవుడు నమ్మదగినవాడని చిన్ననాటి నుండి విన్నాను, ఇప్పటికీ కాదనను. అయినా రాత్రులు పిల్లల చదువులు, అప్పులు తలచుకుంటే కంటిమీదకు కునుకు రాదు. మా సంఘములో ఒక పెద్ద, "భయమున్న చోట విశ్వాసముండదమ్మా, నీ అవిశ్వాసమే ఆయన స్వస్థతకు అడ్డు" అన్నారు. అది విన్నప్పటి నుండి ప్రార్థనకు మోకరించడానికే వెనుకాడుతున్నాను. భయపడుతూనే దేవుని నమ్ముతున్నానని చెబితే అది అబద్ధమవుతుందా?

జవాబు: వాక్యోపదేశకుడు, కాకినాడ

సోదరీ, కాదు. ఫిలిష్తీయులు గాతులో తనను పట్టుకొన్నప్పటిదని శీర్షిక ఉన్న 56వ కీర్తనలో దావీదు "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అన్నాడు; భయము తీరిన తరువాత ఆశ్రయిస్తానని అనలేదు. దేవుని వాత్సల్యత అనుదినము నూతనముగా పుట్టుచున్నదన్న మాటను మనం క్యాలెండర్ల మీద అచ్చు వేయించుకుంటాము. అది విలాపవాక్యములు మూడవ అధ్యాయంలోనిది. దానికి ఐదు వచనాల ముందే, తన బలం ఉడిగిపోయిందని, యెహోవాయందు తనకిక ఆశలు లేవని అనుకొన్నట్లు అదే మనిషి చెప్పుకొన్నాడు.

ప్రవక్తయైన యిర్మీయా పొలం కొన్న సంగతి మీరు మళ్లీ చదవాలని నా కోరిక. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉండగా, తాను చెరసాల ప్రాకారంలో బందీగా ఉండి, అనాతోతులోని పొలాన్ని పినతండ్రి కుమారుడైన హనమేలు దగ్గర 17 తులముల వెండి తూచి ఇచ్చి కొన్నాడు. సాక్షుల ఎదుట క్రయపత్రం రాసి, చాలా కాలం నిలిచేలా మట్టికుండలో భద్రపరచమని తన లేఖకుడైన బారూకుతో చెప్పాడు. ఇంత చేసినవాడు ఆ వెంటనే ప్రార్థనలో, పట్టణం కల్దీయుల, అంటే బబులోనువారి, చేతికి చిక్కుతుంటే పొలం కొనమంటావేమిటని దేవునినే అడిగాడు. దేవుడు ఆయనను అవిశ్వాసివని గద్దించలేదు, జవాబిచ్చాడు. ఇక ఆ పెద్ద మాట విషయానికొస్తే, పుట్టు గుడ్డివాని చూచి ఎవరు పాపము చేసిరని శిష్యులు అడిగినప్పుడు, వాడైనను వాని కన్నవారైనను కాదని యేసు చెప్పిన సంగతి ఆయన గుర్తు చేసుకోవాలి. రోగి భార్య మీద అటువంటి భారం మోపడం నాకు చాలా బాధ కలిగించింది.

జవాబు: ఒంగోలు సహోదరుడు

అమ్మా, మా ఊరి చరిత్ర ఒకటి చెబుతాను. నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషను ఫలితం లేదని మూసివేయాలన్న మాట నడుస్తున్న కాలంలో, 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషనరీ జూయెట్ దొరగారు, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఇక్కడి కొండ ఎక్కి, ఒంగోలుకు ఒక సేవకుని పంపమని ప్రార్థించారు. దానినే నేటికీ ప్రార్థన కొండ అంటాము. ఆ ప్రార్థనకు జవాబుగా మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చింది 1866లో. తరువాత 1876-78 కరవు వచ్చింది. ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించారు. తిండి కోసం ఎవరూ మతం పుచ్చుకోకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపివేశారు. సహాయ పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనం వేదికల మీద ఈ అంకె ఒక్కటే చెప్పుకుంటాము గాని, ఆ కరవులో ప్రార్థిస్తూనే కన్నుమూసినవారూ ఉన్నారు, వారిని దేవుడు విడిచిపెట్టాడని నేను నమ్మను. జవాబు కనబడని పన్నెండేళ్లు కూడా దేవుని కాలమే.

జవాబు: ఖమ్మం నుండి ఒక అక్క

చెల్లీ, నా భర్త ఇదే జబ్బుతో వెళ్లిపోయారు, అందుచేత స్వస్థత తప్పక కలుగుతుందని నీకు నేను మాట ఇవ్వలేను. ఆయన నమ్మదగినతనం మన ధైర్యం మీద ఆధారపడి ఉంటే నేను ఏనాడో కూలిపోయేదానిని. ఏడుస్తూ చేసే ప్రార్థన కూడా ప్రార్థనే, మాటలు రాకపోతే కీర్తన చదువు, అదీ చేతకాకపోతే ఎవరినైనా చదవమను. ఫిస్టులాలో కదలిక తెలియని రోజున మాత్రం ప్రార్థించి చూద్దామని ఆగకుండా వెంటనే డయాలసిస్ కేంద్రానికి వెళ్లండి. స్త్రీల సమాజంలో ఇద్దరిని ఎంచుకొని, డయాలసిస్ రోజుల్లో పిల్లలను చూడమని నోరు తెరిచి అడుగు.

ప్రశ్న అడిగిన సోదరి

అన్నయ్యగారికి, సహోదరునికి, అక్కకు నా వందనములు. యిర్మీయా 32వ అధ్యాయం మా వారికి చదివి వినిపించాను. పొలం కొన్న తరువాత ఆయన దేవుని ప్రశ్నించిన చోట మా వారు నన్ను ఆపి, మళ్లీ చదవమన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లల సంగతి ఇద్దరు సోదరీమణులతో మాట్లాడుతాను. ఆ పెద్దగారిని కూడా కలిసి, ఆయన మాట నన్ను ప్రార్థనకు దూరం చేసిందని మర్యాదగానే చెబుతాను.