కంపోస్టు కుండ కంపు కొడుతోంది, ఆపేయమంటారా?

విశాఖ మురళీనగర్ నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. అపార్టుమెంట్లో మూడో అంతస్తు మాది, ఇంట్లో నలుగురం. బయటికి పోయే చెత్త కొంచెమైనా తగ్గిద్దామని జూన్‌లో బాల్కనీలో రెండు మట్టికుండలు పెట్టాను. మొదటి పదిహేను రోజులూ బాగానే నడిచింది. వానలు పట్టుకున్నాక మురుగుకాలవ వాసన. మొన్న మూత తీద్దును కదా, వేలి కణుపంత పురుగులు లుకలుకలాడుతున్నాయి! మా అత్తగారు "ఇంట్లో పెంటకుప్ప పెట్టావేమే" అన్నారు. కింది ఫ్లాటావిడ ఏకంగా అసోసియేషన్ గ్రూపులోనే ఫొటోతో పెట్టేశారు. తొక్కలు వేసినప్పుడల్లా కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) వేస్తూనే ఉన్నాను. వారానికి రెండుసార్లు చేపలో రొయ్యలో వండుతాం, ఆ పొట్టు కూడా కుండలోకే. ఆపేయమంటారా?

సీతమ్మధార నుంచి:

ఆపకండమ్మా. ముందు ఒకటి చెప్పండి. కోకోపీట్ ఇటుకని నానబెట్టి వేస్తున్నారా?

మురళీనగర్:

అవునండీ, ప్యాకెట్ మీద అలాగే రాసుంది కదా. బకెట్లో నానబెట్టి, పిడికెడు పిడికెడు తీసి వేస్తున్నాను.

సీతమ్మధార:

కొంప ముంచింది అదే. ఆ రాత మొక్కలు నాటేవాళ్ల కోసం. కూరగాయల తొక్కల్లో ఉన్నదంతా నీరే. ఆ నీటిని పీల్చుకోడానికి మనం పొడి సరుకు వెయ్యాలి. మీరు నీటి మీద నీరు పోస్తున్నారు. లోపల గాలి ఆడే సందు లేకపోతే కుళ్లుతుంది, కుళ్లితే కంపు. నానబెట్టిన పీట్ వాడాలంటే గట్టిగా పిండి రెండు రోజులు ఎండబెట్టాలి. ఈ ముసురులో మన ఊళ్లో బట్టలే ఆరవు, పీట్ ఏం ఆరుతుంది?

దాన్ని వదిలేయండి. మీ వీధిలో నాటుబాదం చెట్టు ఉండే ఉంటుంది. దాని ఎండాకులు అప్పడంలా పెళపెళలాడతాయి, చేత్తో నలిపితే చాలు. చలికాలం చివర బాగా రాలినప్పుడు రెండు గోనె సంచులు నింపి మెట్లకింద పెట్టుకుంటే వానాకాలమంతా వస్తాయి. ఈ ఏడాదికి కలప అడితిలో రంపపు పొట్టు అడగండి. ప్లైవుడ్ కోసిన పొట్టు మాత్రం వద్దు, అందులో జిగురు ఉంటుంది. న్యూస్‌పేపరు సన్నగా చింపి వేసినా పనవుతుంది. గిన్నెడు తొక్కలకి రెండు గిన్నెల పొడి సరుకు, ఇదే లెక్క.

ఇప్పుడున్న కుండల్ని ఏం చెయ్యాలంటే, ఓ పాత దుప్పటి పరిచి మొత్తం గుమ్మరించండి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, తప్పదు. పొడి సరుకు బాగా కలిపి మళ్లీ నింపండి. గుప్పెట్లోకి తీసుకుని పిండి చూడండి. వేళ్ల సందుల్లోంచి నీరు కారితే ఇంకా పొడి కలపాలి, తడి అంటీ అంటనట్టు ఉండగా ముద్ద కట్టిందంటే సరిపోయింది. అడుగున చిల్లులు లేకపోతే వేయించి, కుండని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి. వాన జల్లు పడే మూల నుంచి జరపండి. ఒక గరిటెడు పుల్లమజ్జిగ చల్లితే త్వరగా అందుకుంటుంది. మూడు రోజుల్లో వాసన తగ్గాలి. ఎరువు తయారవడానికి మాత్రం రెండు నెలలు ఓపిక పట్టాలి.

ఆ పురుగులు నల్లఈగ పిల్లలు అయ్యుంటాయి. మనిషికీ మొక్కకీ హాని చెయ్యవు, పైగా చెత్తని మనకంటే బాగా తినేస్తాయి. లోపల పొడిగా ఉంటే వాటంతటవే తగ్గిపోతాయి. ఈ సంగతి అత్తగారికి చెప్పినా నమ్మరనుకోండి.

పెదవాల్తేరు నుంచి:

చేపల పొట్టు, రొయ్యల తొక్కలు బాల్కనీ కుండలోకి వద్దమ్మాయ్. పెరడున్న వాళ్లయితే కొబ్బరిచెట్టు మొదట్లో మూరెడు లోతున పాతేస్తారు. ఫ్లాటులో ఆ వీలు లేదు. మార్కెట్లోనే శుభ్రం చేయించి తెచ్చుకో. ఇంట్లో వలిచిన రొయ్యల తొక్క డబ్బాలో పెట్టి డీప్‌ఫ్రీజ్‌లో పడేసి, పొద్దున్న బండి వచ్చినప్పుడు తడి చెత్తలో ఇచ్చెయ్. మా ఇంట్లో పాతికేళ్లుగా ఐస్‌క్రీమ్ డబ్బాలో రొయ్యల తొక్కే ఉంటుంది, మనవలు మూత తీసి మోసపోతుంటారు.

ఇంకో మాట. కుండలోకి వెళ్లేదాన్ని ముందు వంటింట్లోనే ఆపొచ్చు. బీరతొక్కు, సొరతొక్కు, అరటికాయ తొక్క పచ్చడికి రాని తొక్కేది? తోటకూర కాడలు పులుసులోకి. మిగిలిన అన్నం రాత్రి నీళ్లు పోసి పెడితే పొద్దున్నకి చద్దన్నం. ఇప్పటి పిల్లలు తొక్కలు పారేసి, పచ్చడి సీసాలో కొనుక్కుంటున్నారు.

గాజువాక నుంచి:

ఇంత శ్రమ ఎందుకండీ? తడీ పొడీ విడదీసి బండికి ఇచ్చేస్తే వాళ్లే చూసుకుంటారు కదా.

సీతమ్మధార:

విడదీసి ఇస్తే నిజంగానే మేలు బాబూ, కుండ కుదరని వాళ్లకి అదే దారి. నిబంధనల ప్రకారం తడి, పొడి చెత్త వేరు చెయ్యడం ఇంటివాళ్ల పనే. కాపులుప్పాడలో చెత్తని కాల్చి కరెంటు తీసే ప్లాంటు ఉంది, తడి కలిసిన చెత్త సరిగ్గా మండదు. కానీ ఇళ్ల చెత్తలో సగానికి పైన తడిదే. దాన్ని లారీలో అంత దూరం మోయించే బదులు మూడడుగుల బాల్కనీలో ఆపగలిగితే ఆపడమే.

ఎం.వి.పి. కాలనీ నుంచి:

ప్లాస్టిక్ సంగతి కూడా ఒకటి. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచని క్యారీబ్యాగులు నిషేధం. దాంతో కొన్ని షాపుల్లో గుడ్డలా కనబడే రంగు సంచి ఇస్తున్నారు. అది గుడ్డ కాదు. మూల కత్తిరించి అగ్గిపుల్ల చూపిస్తే బొట్లుబొట్లుగా కరుగుతుంది, నూలైతే బూడిదవుతుంది. రైతుబజారుకి నేను పాత చీరతో కుట్టించిన సంచులు నాలుగు పట్టుకెళ్తాను. పాల ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించకుండా వేలాడేట్టు వదలండి, ఆ చిన్న ముక్కే కాలవలో చేరేది. ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి పోగేస్తే పాత సామాన్ల కొట్లో తీసుకుంటారు. చిప్స్ ప్యాకెట్లు మాత్రం ఎవరూ తీసుకోరు, లోపలి వెండి పొర వల్ల.

మురళీనగర్ (మూడు వారాల తర్వాత):

అందరికీ ధన్యవాదాలు. గుమ్మరించిన రోజు అన్నం సయించలేదు. నాలుగో రోజుకి వాసన పోయింది, ఇప్పుడు తడిసిన మట్టి వాసనలా ఉంది. రొయ్యల తొక్క ఫ్రీజర్లోకి మారింది. మా వాచ్‌మన్ బాదం ఆకులు పోగేసి కాల్చేస్తుంటే, గోనె సంచి ఇచ్చి అందులో వెయ్యమన్నాను. కింది ఫ్లాటావిడ నిన్న లిఫ్టులో కనబడి, కరివేపాకు మొక్కకి ఎరువు దొరుకుతుందా అని అడిగారు. గ్రూపులో ఆ ఫొటో మాత్రం ఇంకా తియ్యలేదు.