టోక్యో ఆఫర్ వచ్చింది, సంసారంతో వెళ్లొచ్చా? జపాన్‌లో ఉన్నవాళ్లు, ఉండి వచ్చేసినవాళ్లు చెప్పండి

కూకట్‌పల్లి_జావా
నమస్తే అందరికీ. నాకు 33. జావా బ్యాకెండ్‌లో తొమ్మిదేళ్ల అనుభవం, ఇప్పుడు హైదరాబాద్‌లో ఏడాదికి 21 లక్షలు. టోక్యోలో ఒక కంపెనీ 65 లక్షల యెన్లు ఇస్తామంటోంది. ఇంటర్వ్యూలన్నీ ఇంగ్లిష్‌లోనే అయ్యాయి, జపనీస్ రాకపోయినా పర్వాలేదన్నారు. 2025 సెప్టెంబర్‌లో హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు పెట్టినప్పుడే అమెరికా ఆశ వదిలేసుకున్నాను. నా భార్య ఇక్కడ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్. పాపకు మూడేళ్లు. అమ్మానాన్న ఖమ్మంలో. పదిహేను రోజుల్లో సంతకం పెట్టాలి, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. వెళ్లమంటారా?

తోజాయ్_లైన్
వెళ్లండి. నేను తొమ్మిదేళ్లుగా టోక్యోలోని నిషికసాయిలో ఉంటున్నాను. 65 లక్షలంటే మొదటి ఏడు నెలకు 4 లక్షల 40 వేల దాకా చేతికొస్తుంది. రెండో ఏడు జూన్ నుంచి జూమిన్‌జేయి అని స్థానిక పన్ను మొదలవుతుంది, దానికి నెలకు ఇంకో 25 వేలు తీసేయండి. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే చాలామంది మొదటి ఏడు జీతం చూసి అద్దె ఇల్లు తీసుకుని తర్వాత ఇబ్బంది పడతారు. ఇంటికి యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్ల అపార్ట్‌మెంట్లు చూడండి, ఓనరుకు తిరిగిరాని కానుకగా ఇచ్చే రేకిన్ లేదు, బ్రోకర్ ఫీజు లేదు, హామీదారు అక్కర్లేదు. డాక్టర్ దగ్గర బిల్లులో 30 శాతమే మనది. చదువు, జీతం, అనుభవం చూసి పాయింట్లు వేసే హైలీ స్కిల్డ్ పద్ధతి కింద 70 పాయింట్లు వస్తే మూడేళ్లకు, 80 వస్తే ఏడాదికే పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చేసుకోవచ్చు. జపనీస్ భాషా పరీక్షలో ఎన్2 స్థాయి పాసైతే అందులో 10 పాయింట్లు, ఎన్1 అయితే 15. అమెరికాలో గ్రీన్‌కార్డు కోసం మనవాళ్ల జుట్టు నెరిసిపోతోంది. ఇక్కడ కష్టపడితే దారి కనిపిస్తుంది.

ఉలవచారు
నిషికసాయిలో సోనా మసూరి, కందిపప్పు, చింతపండు అన్నీ దొరుకుతాయి. తిండికి భయపడకండి.

కృష్ణా_తీరం
తిండికి ఎవరూ భయపడటం లేదండీ. 2018 నుంచి 2024 దాకా ఆరేళ్లు అక్కడ ఉండి వచ్చినవాడిగా చెప్తున్నాను, వెళ్లొద్దు. 2020లో యెన్‌కు 70 పైసలు వచ్చేవి. 2024 జూలైలో 52 పైసలు. నెలకు 2 లక్షల యెన్లు పంపితే 2020లో లక్షా 40 వేలు పడేవి, చివరికి లక్షా 4 వేలు. ఇక్కడ ఇంటి ఈఎంఐ మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు. జీతం పెరిగిందా అంటే ఏడాదికి రెండు శాతం, మూడు శాతం.

ఇల్లు సంగతి. యూఆర్ అందరికీ కావలసిన చోట దొరకదు. మేం బయట వెతికితే ఏజెంటు మా ఎదుటే ఓనర్లకు ఫోన్ చేసేవాడు. "గైకొకుజిన్ దెసు గా..." అనేవాడు, అంటే విదేశీయులండీ అని. అవతల ఏదో అనేవాళ్లు. ఇతను ఫోన్‌కే తల వంచి దండం పెట్టి, లిస్టులో ఆ ఇంటి మీద పెన్సిల్‌తో గీత కొట్టేవాడు. ఒక్క సాయంత్రం పదకొండు ఇళ్లలో ఏడింటి మీద గీతలు. నా భార్య పక్కనే కూర్చుని ఆ గీతలు చూస్తూ ఉంది. 2017లో జపాన్ న్యాయ శాఖ బయటపెట్టిన సర్వేలోనే, ఇల్లు వెతికిన విదేశీయుల్లో దాదాపు 40 శాతం మంది విదేశీయులన్న కారణంగా కాదనిపించుకున్నారు. నా ఒక్కడి ఏడుపు కాదిది.

పైగా నెన్‌కిన్. అంటే పెన్షన్. ఆరేళ్లు జీతంలో కోసేశారు, వచ్చేటప్పుడు ఐదేళ్లకే లెక్కగట్టి ఇచ్చారు. అందులోనూ 20.42 శాతం పన్ను పట్టుకున్నారు. ఒక ఏడాది డబ్బు గాల్లో కలిసింది.

తోజాయ్_లైన్
తప్పు సమాచారం ఇవ్వకండి. ఆ 20.42 శాతం వెనక్కి వస్తుంది. దేశం వదిలే ముందు ట్యాక్స్ ప్రతినిధిగా ఎవరినైనా పెట్టుకుని ట్యాక్స్ ఆఫీసులో ఫారం ఇస్తే, తర్వాత ఆ మనిషి మన తరఫున రిఫండ్‌కు అప్లై చేస్తాడు. ఐదేళ్ల పరిమితి కూడా 2021 ఏప్రిల్ నుంచే, అంతకుముందు మూడేళ్లే. అంటే మీకు రూలు మారి లాభమే జరిగింది.

కృష్ణా_తీరం
లాభమా? ఆరేళ్లు కట్టి ఐదేళ్లకు తీసుకుంటే లాభమెలా అవుతుందండీ?

తోజాయ్_లైన్
ఆ డబ్బు తీసుకోకుండా ఉండాల్సింది. 2016 అక్టోబర్ నుంచి ఇండియాకు, జపాన్‌కు సోషల్ సెక్యూరిటీ ఒప్పందం ఉంది. జపాన్‌లో కట్టిన కాలం, ఇండియాలో పీఎఫ్ కాలం కలిపి చూస్తారు. డబ్బు వెనక్కి తీసుకున్నారు కాబట్టి ఆ కాలం మొత్తం చెరిగిపోయింది. తెలుసుకోకపోవడం మీ తప్పు, దేశానిది కాదు.

కృష్ణా_తీరం
65 ఏళ్లకు ఎంతిస్తారో తెలియని పెన్షన్ కోసం, చేతికొచ్చే డబ్బు ఎవరు వదులుకుంటారు? అప్పుడు మాకు డబ్బు అవసరం. మీకు ఆ అవసరం రాలేదు కాబట్టి పాఠాలు చెప్తున్నారు.

రాయలసీమ_రాగి
భూకంపాల గురించి ఒక్కరూ చెప్పరేంటి? 2011 మర్చిపోయారా?

ఉలవచారు
నెలకోసారి చిన్నగా ఊగుతుంది. అలవాటైపోతుంది బ్రో.

నిజామాబాద్_నర్స్
మీరంతా ఐటీ వాళ్లు. నేను గున్మాలో వృద్ధాశ్రమంలో కైగో, అంటే పెద్దవాళ్లను చూసుకునే పనిలో ఉన్నాను, 2019లో వచ్చిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా మీద. నాకు కుటుంబాన్ని తెచ్చుకునే వీలే లేదు, ఐదేళ్లు. బాబు మా అమ్మ దగ్గర ఉన్నాడు, రెండో తరగతి. ఎన్4 పాసైతే చాలని వచ్చాను. కానీ ప్రతి షిఫ్టు చివర ఎవరు ఎంత తిన్నారు, ఎన్నిసార్లు బాత్రూంకి వెళ్లారు, ఎవరి మడమ ఎర్రబడింది, అన్నీ జపనీస్‌లో రాయాలి. మొదటి నెలల్లో నేను రాసింది నైట్ డ్యూటీ వాళ్లకు అర్థం కాక రెండుసార్లు రూంకి ఫోన్ చేశారు. ఒక పెద్దావిడ మాత్రం స్నానం చేయిస్తున్నప్పుడు నా చేతిమీది గోరింటాకు చూసి, వేలితో రుద్ది, పోవడం లేదని నవ్వింది. రోజూ చెయ్యి చాపి చూపించమంటుంది. నేను కైగో ఫుకుషిషి అనే ప్రభుత్వ అర్హత పరీక్షకు చదువుతున్నాను. అది పాసైతే వీసా మారుతుంది, బాబును తెచ్చుకోవచ్చు. కూకట్‌పల్లి అన్నా, నువ్వు మొదటి రోజే పాపను తీసుకెళ్లగలుగుతున్నావు. అది చిన్న విషయం కాదు.

కూకట్‌పల్లి_జావా
థ్యాంక్యూ అమ్మా. ఆల్ ది బెస్ట్ పరీక్షకు. తోజాయ్ అన్నా, కృష్ణా గారూ, పెన్షన్ సంగతి అర్థమైంది. పాపకు స్కూలు?

తోజాయ్_లైన్
మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు హోయికుఎన్, అంటే డేకేర్, ఫ్రీ, 2019 అక్టోబర్ నుంచి. బడికి వెళ్లే వయసొస్తే ప్రభుత్వ స్కూలు ఫ్రీ. ఇండియన్ స్కూళ్లు కూడా ఉన్నాయి, నిషికసాయిలోనూ, పక్కన కోతో వార్డులోనూ. ఫీజు మాత్రం జీతంలో పెద్ద ముక్క.

ఊరి_చెరువు
ఫ్రీ అనేస్తే సరిపోదండీ. హోయికుఎన్‌లో సీటు కావాలంటే మామూలుగా తల్లీతండ్రీ ఇద్దరూ పనిచేస్తున్నట్టు కుయాకుషోలో, అంటే వార్డు ఆఫీసులో, కాగితం చూపించాలి. భార్య డిపెండెంట్ వీసా మీద దిగితే ఆమెకు పని ఉండదు, పని లేకపోతే సీటు కష్టం. సీటు లేకపోతే బిడ్డను ఎక్కడ వదిలి పని వెతుక్కుంటుంది? ఇక మిగిలేది యోచిఎన్, అంటే కిండర్‌గార్టెన్, బిడ్డ కోసం మధ్యాహ్నం రెండింటికే గేటు దగ్గర నిలబడాలి. నేను రెండేళ్లు అలాగే నిలబడ్డాను. బీటెక్ చదివి.

నేను విజయనగరం అమ్మాయిని, ఇప్పుడు చిబాలో ఉంటాను. వార్డు ఆఫీసులో వాలంటీర్లు నడిపే జపనీస్ క్లాసుకు పాపను ఒళ్లో పెట్టుకుని వెళ్లేదాన్ని. ఎన్2 పాసయ్యాక ఉద్యోగం వచ్చింది, వీసా మార్చుకున్నాను. ఇప్పుడు ఒక్కోసారి రాత్రి పదకొండుకు స్టేషన్‌లో దిగి ఒంటరిగా ఇంటికి నడుస్తాను, వెనక్కి తిరిగి చూడను. ఆ నడక కోసమైనా నేను ఇక్కడ ఉంటాను.

ఇంకొకటి. ఈ చర్చంతా చదివాను. కృష్ణా_తీరం గారూ, మీరు రాసినదాంట్లో యెన్ ఉంది, ఇల్లుంది, నెన్‌కిన్ ఉంది. మీ ఆవిడ ఒక్కచోటే కనిపించింది, ఏజెంటు దగ్గర గీతలు చూస్తూ. తిరిగి వచ్చేద్దామని ఆమె అన్నదా?

కృష్ణా_తీరం
నా ఇంటి విషయం మీకెందుకండీ? ఒకతను సలహా అడిగాడు, నేను లెక్కలు చెప్పాను. లెక్క తప్పైతే చెప్పండి.

తోజాయ్_లైన్
లెక్క తప్పనే కదా పొద్దున్నుంచీ చెప్తున్నాను. మీరు తిరిగొచ్చారు కాబట్టి మిగతావాళ్లెవరూ వెళ్లకూడదు, అంతే మీ బాధ.

కృష్ణా_తీరం
ఆగండి. తొమ్మిదేళ్లు ఉన్నారు కదా. మీ అమ్మగారిని ఎవరు చూసుకుంటున్నారు? పర్మనెంట్ రెసిడెన్సీ అని ఊరిస్తున్నారు కదా, అది వచ్చినా అమ్మానాన్నను తెచ్చుకోలేమని ఎందుకు చెప్పరు? హైలీ స్కిల్డ్ వీసా ఉండి, ఇంటి ఆదాయం 80 లక్షల యెన్లు దాటి, ఏడేళ్లలోపు బిడ్డ ఉంటేనో, కడుపుతో ఉంటేనో మాత్రమే భార్యాభర్తల్లో ఒకరి తల్లిదండ్రులను రానిస్తారు. బిడ్డ పెరిగితే ఆ దారీ మూసుకుపోతుంది. లేదంటే 90 రోజుల విజిట్. ఇది మొదటి పోస్టులోనే రాయాల్సిన విషయం. ఆయన ఖమ్మంలో అమ్మానాన్న ఉన్నారని మొదటే చెప్పారు.

మూడో_అంతస్తు
కాస్త మర్యాదగా మాట్లాడుకోండి పెద్దలు. అమ్మల దాకా వెళ్లొద్దు.

తోజాయ్_లైన్
పర్లేదు, అడిగారు కాబట్టి చెప్తాను. మా తమ్ముడు చూసుకుంటున్నాడు, నల్గొండలో. పోయినేడు అమ్మ బాత్రూంలో జారి తుంటి ఎముక విరిగింది. నేను వెళ్లేసరికి ఆపరేషన్ అయిపోయి రెండో రోజు. తమ్ముడు నాతో మాట్లాడలేదు. ఆస్పత్రి బిల్లు నేనే కట్టాను, వాడు రసీదు నా చేతిలో పెట్టి బయటికి వెళ్లిపోయాడు. అంతకుముందు అమ్మను 90 రోజులు ఇక్కడికి తీసుకొచ్చాం. ఐదో అంతస్తు బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేది. పలకరించడానికి మనిషి లేదు. నలభయ్యో రోజుకు టికెట్ ముందుకు జరపమంది. ఇవన్నీ రాయలేదు, నిజమే. కానీ నేను డబ్బు పంపకపోతే ఆ ఆపరేషన్ ఎలా జరిగేది? పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవడమొక్కటే చూసుకోవడం అంటే నేనొప్పుకోను.

కృష్ణా_తీరం
నేనూ అక్కడే ఒప్పుకోను మీతో. పక్కన ఉండటమే చూసుకోవడం. డబ్బు ఎవరైనా సర్దుతారు.

నిన్న రాత్రి కోపంలో రాశాను, ఊరి_చెరువు గారూ, ఏమనుకోకండి. మీరడిగినదానికి జవాబు, లేదు. నా భార్య రమ్మనలేదు. వారానికి 28 గంటల పర్మిషన్ తీసుకుని బెంటో, అంటే డబ్బా భోజనాల ఫ్యాక్టరీలో మొదలుపెట్టింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివి ఎన్2 పాసైంది. ఒక చిన్న ట్రేడింగ్ కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుంది, పద్నాలుగు నెలలు చేసింది. అప్పుడు నాన్నకు పక్షవాతం వచ్చింది. నేను ఒక్కడినే కొడుకుని. వెళ్దాం అన్నాను. సరే అంది. ఆ సరే తర్వాత రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు విజయవాడలో నాన్నకు స్నానం, మందులు అన్నీ ఆమే చూస్తుంది. పక్కన ఉండేది నేనని రాశాను కానీ, పగలంతా పక్కన ఉండేది ఆమె. మొన్న ఆమె పర్సులో చిల్లర కోసం వెతికితే టోక్యో రైళ్లలో వాడే పాస్మో కార్డు కనబడింది. ఇంకా 1,840 యెన్లు ఉన్నాయందులో అంది, నేను అడగకుండానే. అయినా నేను వచ్చింది తప్పని అనను. నాన్నకు నేను కావాలి.

ఊరి_చెరువు
ఇది రాసినందుకు సంతోషమండీ. మీరు తప్పు చేశారని నేనూ అనను, ఒక్కడే కొడుకైతే ఏం చేస్తారు. కానీ సలహా అడిగినవాళ్లకు యెన్ పడిపోయింది, ఇల్లివ్వరు అని చెప్పి పంపేస్తే, అసలు కారణం తెలియకుండానే వాళ్లు నిర్ణయం తీసేసుకుంటారు. మా మామగారికి రేపు ఏదైనా అయితే మా ఇంట్లోనూ ఇదే గొడవ. మా ఆయనకు చెప్పేశాను, ఆయన వెళ్లాలనుకుంటే వెళ్లొచ్చు, నేను, పాప ఇక్కడే ఉంటాం అని. ఆయనకు నచ్చలేదు. నేను మాట మార్చలేదు.

తోజాయ్_లైన్
ఇది మరీ ఎక్కువమ్మా. సంసారం అలా నడవదు.

ఊరి_చెరువు
మీరు మీ తమ్ముడి మీద వదిలేస్తే నడిచింది కదా అన్నా.

రాయలసీమ_రాగి
2025 జూలై ఎగువ సభ ఎన్నికల్లో జపనీస్ ఫస్ట్ అన్న సాన్సేతో పార్టీకి 14 సీట్లొచ్చాయి. ఇది కూడా చూసుకోండి.

నిజామాబాద్_నర్స్
మా ఆశ్రమంలో ఎవరూ నన్ను వెళ్లిపొమ్మనలేదు అన్నా. రేపు సెలవు పెడతానంటేనే కంగారుపడతారు.

కూకట్‌పల్లి_జావా
అందరూ రాసింది నా భార్యకు చదివి వినిపించాను. కృష్ణా గారి పోస్టు దగ్గర ఆపి ఇంకోసారి చదవమంది. నేను ఇన్నాళ్లూ ఆమెను "వెళ్దామా" అని అడిగాను కానీ, అక్కడ నువ్వేం చేస్తావు అని అడగలేదు. ఆమె రెండు ప్రశ్నలు అడగమంది. ఒకటి, అక్కడి ఇండియన్ స్కూళ్లలో లెక్కల టీచర్‌గా చేరాలంటే డిపెండెంట్ వీసా మీద కుదురుతుందా? రెండు, ఖమ్మంలో అమ్మానాన్న దగ్గరికి ఏడాదికి ఎన్నిసార్లు రాగలం? రెండోదానికి జవాబు మేమే చూసుకుంటాం. కంపెనీని ఇంకో పదిహేను రోజులు గడువు అడిగాను.

ఊరి_చెరువు
పర్మిషన్ తీసుకుంటే వారానికి 28 గంటల దాకా చేయొచ్చు. ఫుల్‌టైమ్ అయితే వీసా మార్చుకోవాలి, స్కూలు వాళ్లు స్పాన్సర్ చేయాలి. ఇక్కడికి వచ్చాక కాదు, అక్కడి నుంచే ఇప్పుడే స్కూళ్లకు రాయమనండి. డిగ్రీ, బీఈడీ ఒరిజినల్స్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు సూట్‌కేసులో పెట్టుకోమనండి. నా పట్టా విజయనగరంలో బీరువాలో ఉండిపోయి, తాళం మా అత్తగారి దగ్గర ఉండి, అది నా చేతికి వచ్చేసరికి ఎనిమిది నెలలు పట్టింది.