సాతాను నరకానికి రాజా, ఖైదీయా?

సందేహి:
బొమ్మల్లో సాతాను అంటే కొమ్ములు, చేతిలో శూలం, మంటల మధ్య సింహాసనం. పాపుల్ని హింసించే అధికారం అంతా అతనిదే అన్నట్టు చూపిస్తారు. బైబిల్లో ఇది ఎక్కడుంది? యెషయా 14, ప్రకటన 20 పక్కపక్కన పెట్టుకుని చదివితే చిక్కు ఇంకా పెరిగింది. ఇందులో వాక్యం ఎంత, తర్వాతివాళ్లు కలిపింది ఎంత? డాంటే నరకయాత్ర కావ్యం 'ఇన్‌ఫెర్నో', మిల్టన్ కావ్యం 'ప్యారడైజ్ లాస్ట్' చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గ్రంథపాఠి:
ఆ సింహాసనం బైబిల్లో లేదండీ. లేఖనాల ప్రకారం సాతాను ఇప్పుడు తిరుగుతున్నది భూమ్మీదే. యోబు 1:7లో తనే ఆ మాట చెబుతాడు. 1 పేతురు 5:8లో గర్జించే సింహంలా ఎవరిని మింగుదామా అని వెతుకుతుంటాడు. నరకానికి వెళ్లేది చివర్లో, అదీ దోషిగా. ప్రకటన 20:2-3లో వెయ్యేళ్లు అగాధంలో బంధిస్తారు, 20:10లో అగ్నిగుండంలో పడేస్తారు. ఆ అగ్నిని సిద్ధం చేసిందే అపవాదికీ (అంటే సాతానుకు) అతని దూతలకూ అని మత్తయి 25:41 చెబుతుంది. అక్కడ అతను శిక్ష పడినవాడే తప్ప శిక్ష వేసేవాడు కాదు.

యెషయా 14ని 12వ వచనం దగ్గర కాకుండా 4వ వచనం నుంచి చదవండి. అది బబులోను రాజును ఎత్తిపొడిచే పాట. 12వ వచనంలో ఆకాశం నుంచి పడిన వేకువచుక్కను లూకా 10:18తో ముడిపెట్టి సాతాను పతనంగా చదివినవాళ్లలో 3వ శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిగెను ముఖ్యుడు. ఆదికాండం 3లోనూ పాముకు సాతాను అన్న పేరు లేదు, ఆ రెండింటినీ ఒకటి చేసింది ప్రకటన 12:9.

నరకం సంగతికొస్తే, సువార్తల్లో ఆరని అగ్ని ఉంది, చావని పురుగు ఉంది (మార్కు 9:48), వెలుపటి చీకటీ ఉంది (మత్తయి 8:12). అగ్ని ఉన్నచోట చీకటి ఎలా అని పట్టుబట్టి అన్నిటినీ ఒకే పటంలో ఇరికించబోతేనే చిక్కు. క్రైస్తవ వేదాంతి అగస్టీను మాత్రం నిప్పు నిజంగా నిప్పేనన్నాడు. కాలినా తరగని శరీరం ఉంటుందా అన్నవాళ్లకు 'దైవనగరం' 21వ సంపుటంలో జవాబిస్తూ కార్తేజిలో తాను చేసిన పరీక్ష చెప్పాడు: వండిన నెమలి మాంసం ముక్క దాచిపెడితే నెల దాటాకా వాసన రాలేదట, ఏడాదికి కాస్త ఎండి ముడుచుకుందట, అంతే.

పాతకుడ్యం:
ఖైదీ జైలరుగా ఎలా మారాడో చిత్రాలూ దర్శన గ్రంథాలూ వరుసగా చూస్తే తెలిసిపోతుంది.

2వ శతాబ్దపు పేతురు ప్రకటనలో (ఇది బైబిల్లో చేరలేదు) దైవదూషకులు నాలుకలతో నిప్పు మీద వేలాడతారు. కానీ అక్కడ శిక్షించేది దేవుడు నియమించిన దూతలు, దయ్యాలు కాదు. ఇటలీలోని రవెన్నాలో 6వ శతాబ్దపు మొజాయిక్ ఒకటుంది: క్రీస్తుకు కుడివైపు గొర్రెలు (నీతిమంతులు), ఎర్రని దూత, ఎడమవైపు మేకలు (పాపులు), నీలి దూత. ఆ నీలి దూతే సాతానుకు మొట్టమొదటి బొమ్మ అని కొందరు పండితుల అభిప్రాయం. కొమ్ముల్లేవు, తోక లేదు, అందంగానే ఉంటాడు.

మలుపు 12వ శతాబ్దంలో స్పష్టంగా కనిపిస్తుంది. టండేలు అనే ఐర్లండు యోధుడు చూసినట్టు చెప్పే నరక దర్శనంలో లూసిఫరును (సాతానుకే మరో పేరు) నిప్పుల మీద ఇనుప ఊచల చట్రానికి గొలుసులతో కట్టేసి ఉంటారు. వెయ్యి చేతులతో ఆత్మల్ని ద్రాక్షల్లా పిండుతాడు, ఊపిరి వదిలితే అవి నిప్పురవ్వల్లా చెదిరిపోతాయి, పీల్చితే మళ్లీ నోట్లోకి వచ్చిపడతాయి. కాలేదీ తనే, కాల్చేదీ తనే! తర్వాతి చిత్రకారుల్లో చాలామంది ఆ గొలుసుల్ని వదిలేశారు.

సందేహి:
ధన్యవాదాలండీ, చాలా చిక్కు విడిపోయింది. డాంటే నరకంలో అడుగున మంచు ఎందుకో కూడా ఎవరైనా చెప్పగలరా?

మూడుపాదాలు:
డాంటే పాత పద్ధతినే నిలబెట్టాడు, అందుకే ఆయన లూసిఫరు రాజులా ఉండడు. ఛాతీ సగం దాకా మంచులో కూరుకుపోయి, ఒక తలకు మూడు ముఖాలతో, ఆరు కళ్లతో ఏడుస్తుంటాడు. ఒక్క మాట మాట్లాడడు. మూడు నోళ్లలో క్రీస్తును పట్టించిన యూదా, సీజరును చంపిన బ్రూటసు, కాసియసు. చుట్టూ ఉన్న సరస్సును గడ్డకట్టిస్తున్నది అతని రెక్కల గాలే, అంటే తన్నుకునే కొద్దీ తన చెర తానే బిగించుకుంటున్నాడు. పైగా ఆ నరకంలో అట్టడుగుదైన 9వ వలయం నమ్మినవాళ్లను వంచించినవాళ్లది. ప్రేమను చంపుకున్నవాళ్లకు మంట కన్నా మంచే తగినదని నాకనిపిస్తుంది. శూలాల్లాంటి కొక్కేలు పట్టుకుని మరిగే తారులో లంచగొండుల్ని తొక్కిపట్టే దయ్యాలు 21, 22 సర్గల్లో ఉంటాయి, అవి కిందిస్థాయివే.

ముందు 11వ సర్గ చదవండి. వలయాల లెక్క డాంటేకు దారి చూపే రోమన్ కవి వర్జిల్ అక్కడే వివరిస్తాడు: పైన నిగ్రహం లేని పాపాలు, కింద హింస, దాని కింద మోసం, అట్టడుగున ద్రోహం. ఇది తెలియకుండా మొదటి నుంచి వెళితే 8వ వలయంలోని 10 కందకాల దగ్గర చాలామంది దారి తప్పుతారు.

మిల్టన్ దగ్గర జరిగే పొరపాటు వేరు. ఆ సింహాసనం నిజంగా ఉన్నది అక్కడే, 2వ పర్వం ఆరంభంలో. మొదటి రెండు పర్వాల్లోని ఉపన్యాసాలు అంత గంభీరంగా ఉంటాయి కాబట్టి అక్కడే ఆపేసినవాళ్లకు సాతాను కథానాయకుడిలా కనిపిస్తాడు. 4వ పర్వంలో 'నేనే నరకాన్ని' అని తనే ఒప్పుకుంటాడు. 10వ పర్వంలో ఆదాము హవ్వలను పడగొట్టిన విజయం చాటి చప్పట్ల కోసం ఆగితే, వినిపించేది బుసలు. సభ మొత్తం పాములైపోతుంది, కొరికిన పండు నోట్లో బూడిదవుతుంది. టైము లేకపోతే 1, 2, 4, 10 చదవండి, కానీ 10 వదలొద్దు. 1667 నాటి తొలి ముద్రణలో 10 పర్వాలే, 1674లో వాటిని 12గా విడదీశారు. నేను చెప్పిన అంకెలు 12 పర్వాల ప్రతివి, అందుకని మీ ప్రతి దేని ప్రకారం ఉందో చూసుకోండి.

గ్రంథపాఠి:
పై జవాబుకు ఒక చేర్పు. ఇదంతా పశ్చిమ సంఘం గీసిన పటం. తూర్పు సంఘపు పునరుత్థాన చిత్రంలో క్రీస్తు విరిగిన పాతాళ ద్వారాల మీద నిలబడి ఆదామును, హవ్వను మణికట్లు పట్టి లాగుతుంటాడు. కాళ్ల కింద చీకట్లో తాళాలు, మేకులు చెల్లాచెదురుగా పడి ఉంటాయి, వాటి మధ్య ఒక ఆకారం కట్టేసి ఉంటుంది. ఇస్తాంబుల్‌లోని ఒకప్పటి కోరా చర్చిలో (ఇప్పుడది మసీదు) ఉన్న 14వ శతాబ్దపు చిత్రం దీనికి గొప్ప ఉదాహరణ. ఇక 7వ శతాబ్దపు నీనెవె బిషప్పు ఇస్సాకు అయితే నరకంలో ఉన్నవాళ్లను కొట్టేది ప్రేమ కొరడాయేనన్నాడు. డాంటే మంచుతో పాటు ఇదీ చదవండి.