సమస్య: గరుకు గొంతు నునుపుగాను మ్రోగె

నిర్వాహకులు:
మిత్రులారా, ఈ వారం సమస్య, అంటే మీ పద్యానికి చివర రావలసిన పాదం, ఇది.

"గరుకు గొంతు నునుపుగాను మ్రోగె"

ఈ మధ్య ఒక పంక్ రాక్ (కోపంగా, గరుకుగా పాడే రాక్ సంగీతం) బ్యాండ్ కొత్త ఆల్బమ్ వదలకుండా వింటున్నాను. గ్యారేజ్‌లో అరిచిన గొంతే ఇప్పుడు రేడియోలో ఏ పాట పక్కనైనా నిలబడేంత శుభ్రంగా ఉంది. నాకు చాలా నచ్చింది. దాని మీదే పూరించండి. భక్తికీ రాజకీయాలకూ మళ్ళించవద్దని మనవి.

అరసున్న:
మూడు కార్డులున్న మురికి గదుల పాట
రేడియోల జేరి రింగుమనియె
కోపమింత తగ్గకుండ మిక్సింగులో
గరుకు గొంతు నునుపుగాను మ్రోగె

కార్డులంటే గిటార్ మీద కలిపి మోగించే స్వరాలు. కోపం తగ్గలేదన్నదే నా అసలు మాట. ఒకే చరణాన్ని రెండుసార్లు పాడించి, మిక్సింగ్‌లో (రికార్డు చేసినవన్నీ కలిపేటప్పుడు) ఒకదాని మీద ఒకటి పేర్చారు. అంచులు నున్నబడ్డాయి గానీ, తిట్టు తిట్టులాగే తగులుతోంది.

యతిమిత్ర:
అరసున్న గారూ, ధార బాగుంది. 'మిక్సింగులో' అన్న మాట గణాల్లో అంత సుఖంగా కూర్చోవడం అరుదు. పోయినసారి 'స్పీకరు' కోసం మీరు పడ్డ పాట్లు చూసినవాణ్ణి కాబట్టి నిజంగా సంతోషించాను. కానీ సమస్యలోని వైరుధ్యాన్ని విప్పలేదు. మిక్సింగ్ చేస్తే నునుపవుతుంది. అందులో చమత్కారం ఏముంది?

బేస్‌లైన్:
అమ్ముడైరి వీరలని తిట్టి పోసిరి
గిల్మను గడపకడ గెంటినారు
డూకీ వచ్చె నిదిగొ టోకుగా నమ్ముడై
గరుకు గొంతు నునుపుగాను మ్రోగె

1994 ఫిబ్రవరిలో వచ్చిన గ్రీన్ డే బ్యాండ్ ఆల్బమ్ 'డూకీ' సంగతి ఇది. పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్నారని అమెరికాలో బర్క్‌లీలోని 924 గిల్మన్ స్ట్రీట్ క్లబ్ వాళ్ళకు తలుపు మూసేసింది. వాళ్ళు ఎదిగిన వేదికే అది.

యతిమిత్ర గారూ, మిక్సింగ్‌ను అంత తేలిగ్గా తీసేయకండి. ఆ ఆల్బమ్ తొలి మిక్స్ బ్యాండ్‌కే నచ్చలేదు. జెర్రీ ఫిన్ అనే మిక్సింగ్ నిపుణుడితో మళ్ళీ చేయించుకున్నారు. మనం వింటున్నది ఆ రెండోదే.

యతిమిత్ర:
'వీరలని'లో అకారానికి యతి (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన పొంతన) చెల్లించిన తీరు చూసి ముచ్చటపడుతుండగానే 'డూకీ' తగిలింది. 'కీ' దీర్ఘం. పాదం మొదటి గణంలోనే కుంటుపడింది.

బేస్‌లైన్:
పేరు అలాగే పలుకుతారు కదండీ.

యతిమిత్ర:
పలకడం వేరు, పద్యంలో పెట్టడం వేరు. 'కీ' అలా ఉన్నంతవరకు నా చెవి ముందుకు కదలదు.

అరసున్న:
అన్యదేశ్యమే (వేరే భాష మాటే) కదా, 'డూకి' అని కుదించండి, సరిపోతుంది. డూ-టో యతిని మాత్రం పోగొట్టుకోకండి. పద్యానికి బలం అక్కడే ఉంది. పైగా 'టోకుగా' అన్నది అతిశయోక్తి కాదు. అమెరికాలోనే కోటి కాపీలు దాటి 1999లో డైమండ్ సర్టిఫికేషన్ అందుకుంది.

గొంతుగీత:
ఎంత మెరుగు పెట్టి యేమి లాభంబన్న
పాత గుంపువారి పలుకులకును
బదులు చెప్పునట్లు పాటలోఁ గడపట
గరుకు గొంతు "నునుపు గాను" మ్రోగె

నిర్వాహకులు చెప్పిన ఆల్బమ్ నేనూ విన్నాను. ఆఖరి పాటలో చివరి పల్లవికి ముందు వాద్యాలన్నీ ఒక్క క్షణం ఆగుతాయి. గాయకుడు ఊపిరి పీల్చడం వినబడుతుంది. ఆ వెంటనే చివరి మాట మీద గొంతు చీలుతుంది. అంత కడిగి తుడిచిన ఆల్బమ్‌లో ఆ చీలికను కావాలనే ఉంచారు.

నిర్వాహకులు:
ఆహా! 'నునుపుగాను' విరిచి 'నునుపు గాను', అంటే 'నేను నునుపు కాను', చేశారు! పాదం ఇచ్చిన నాకే తట్టలేదు. పొద్దుటి నుంచి ఇదే నోట్లో తిరుగుతోంది.

యతిమిత్ర:
విరుపు అద్భుతం, మనస్ఫూర్తిగా అంటున్నాను. అయితే 'అనుచు' ఎక్కడ? కొటేషన్ గుర్తులు కాగితం మీద కనబడతాయి గానీ చెవికి వినబడవు. 'అని' లేకుండా అన్వయం కుదరదు.

గొంతుగీత:
మూడో పాదం ఇలా మార్చితే?

బదులు చెప్పునట్లు పాటలో నిట్లని

అరసున్న:
అన్వయం కుదిరింది, అసలు విషయం జారిపోయింది. 'కడపట' పోతే ఆ చివరి చీలిక పద్యంలోంచి పోయినట్టే. నాకు మొదటిదే కావాలి. ఆల్బమ్ విన్నవాళ్ళకు 'అని' అక్కర్లేదు.

ఇంకో మాట. యతిమిత్ర గారు వెనకటి సమస్యలో "మెరుగు పెట్ట పంకు మేను విడిచె" అని ముగించారు. అప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. ఇప్పుడు మెరుగు పెట్టిన గొంతుకు అద్భుతం అంటున్నారు. ఆ పాదం సంగతేమిటి?

బేస్‌లైన్:
నేనూ అదే అడుగుదామనుకుంటున్నాను. 'కీ' మీద అంత పట్టు పట్టినవారు దీనికీ జవాబు చెప్పాలి.

యతిమిత్ర:
ఆ పాదం మీద ఇప్పటికీ నిలబడతాను. అది రమోన్స్ అనే పంక్ బ్యాండ్ 1980 ఆల్బమ్ గురించి రాసింది. 1976లో తొలి ఆల్బమ్‌ను 6,400 డాలర్లతో పూర్తి చేసిన బ్యాండ్ అది. నిర్మాత ఫిల్ స్పెక్టర్ చేతిలో పడ్డాక ఒక పాటలో వయొలిన్లు వచ్చి కూర్చున్నాయి. ఆ పాటలో గాయకుడు జోయీ గొంతు తప్ప బ్యాండ్‌ది ఏమీ లేదు, మిగతా సభ్యులు వాయించనే లేదు. బ్యాండ్‌నే బయటికి పంపిన మెరుగు అది. నేను ఏడ్చింది దాని గురించి.

ఈ కొత్త ఆల్బమ్‌లో గిటార్ గొంతుతో సమానంగా ముందే ఉంది. తీగను అరచేత్తో అదిమి కొట్టిన దెబ్బ ఒక్కొక్కటీ విడిగా తెలుస్తోంది. డ్రమ్స్ బిగువుగా ఉన్నాయి, ఎక్కడా మొద్దుబారలేదు. పాత రికార్డుల్లో ఇవన్నీ ఒకే రొదలో కలిసిపోయేవి. ఇక్కడ మెరుగు పెట్టింది బ్యాండ్ వినబడడానికి. నేనూ రాత్రంతా విన్నాను, హాయిగా ఉంది.

అరసున్న:
ఇది నిన్ననే చెప్పి ఉంటే నా పద్యానికి ఇంకో రెండు మంచి మాటలు దక్కేవి.

యతిమిత్ర:
మీ మూడో పాదానికి అవి ఎప్పుడూ ఉన్నాయి. నా ఓటు గొంతుగీత గారికి, 'కడపట'తోనే. 'అని' లేని వెలితి ఉండనే ఉంది, అయినా అంతే. బేస్‌లైన్ గారూ, 'డూకి' అని దిద్ది మళ్ళీ పెట్టండి, చదవాలని ఉంది.