ఓవర్‌ల్యాప్‌కు ‘అతివ్యాప్తి’ సరిపోతుందా?

ప్రశ్న (తిరుపతి నుంచి ఒక టీచరమ్మ): అందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లలకు తెలుగులో నోట్సు రాస్తున్నా. ‘ఓవర్‌ల్యాప్’ కనబడిన చోటల్లా ఫోన్‌లో అనువాదం ‘అతివ్యాప్తి’ అనే ఇస్తోంది. ‘రెండు పరీక్షల తేదీలు అతివ్యాప్తి చెందాయి’ అని బోర్డు మీద రాస్తే పిల్లలు ఒకటే నవ్వు. ఇంకేమన్నా మాట ఉందా?

జవాబు (చిత్తూరు): పిల్లలు నవ్వింది న్యాయమేనమ్మా. అతివ్యాప్తి తర్కశాస్త్రం వాళ్ల మాట, అదీ ఒక దోషం పేరు. లక్షణం (నిర్వచనం) చెప్పినప్పుడు అది చెప్పదలచిన వస్తువును దాటి పక్కవాటికీ అంటుకుంటే అతివ్యాప్తి. మన తెలుగువాడు అన్నంభట్టు తన తర్కసంగ్రహం అనే పుస్తకానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో ఆవుతో చెప్పాడు. ‘కొమ్ములున్నది ఆవు’ అంటే ఎనుము కూడా ఆవైపోతుంది, అది అతివ్యాప్తి. ‘కపిల రంగుది ఆవు’ అంటే తెల్లావు జారిపోతుంది, అది అవ్యాప్తి. ‘ఒంటి గిట్టది ఆవు’ అంటే ఏ ఆవుకూ పట్టదు, అసంభవం. పరీక్ష తేదీలకు ఈ గొడవ దేనికి?

ఇంగ్లీషు మాటలో ‘ల్యాప్’ అంటే మొదట బట్టకు వేలాడే అంచు, ఆ తర్వాతే కూర్చున్నప్పటి ఒడి. మన ‘ఒడి’దీ ఇంచుమించు అదే తీరు: పిల్లను పడుకోబెట్టుకునేదీ ఒడే, శెనక్కాయలు పోసుకొచ్చే కొంగు మడతా ఒడే. ఒక అంచు ఇంకో అంచు మీదికి ఎక్కడం, అదే ఓవర్‌ల్యాప్. కొంత భాగమే ఎక్కాలి, రెండిటికీ ఎవరిది వారికి కొంత మిగలాలి. పూర్తిగా ఒకటైతే దాన్ని ‘ఏకీభవించడం’ అంటాం, రేఖల పాఠంలో మీరు చెప్పేదే.

వస్తువులైతే మనవాళ్లు ‘ఎక్కడం’తోనే పని కానిస్తారు. పెంకుల ఇల్లు చూడండి. చూరు దగ్గర మొదలుపెట్టి కొప్పు దాకా పోతారు, పైవరస కింది వరస మీదికి ఎక్కాల. ‘ఎక్కుడు చాల్లేదురా, వాన లోపలికి కొడతాది’ అనేది మా వీధి మేస్త్రి మాట. స్లాబు పని కాడ ఒక కమ్మీ చాలనప్పుడు రెండోదాన్ని పక్కన పెట్టి కట్టుకమ్మితో బిగిస్తారు. దానికి ‘ల్యాప్’ అనే పేరే నిలిచిపోయింది. లెక్క కమ్మీ మందానికి 50 రెట్లని చాలా సైట్లలో నోటికి వచ్చేస్తుంది, అంటే 12 మిల్లీమీటర్ల కమ్మీకి 600 మిల్లీమీటర్లు, సుమారు రెండడుగులు. ఇక్కడ తెలుగు మాట కోసం తంటాలు పడక్కర్లేదు.

కాలం సంగతికొస్తే మనకున్న మాటలు ఇంగ్లీషువాళ్లకు లేవు. తిథి సూర్యోదయంతో మొదలు కాదు, నిడివి కూడా 19 గంటల నుంచి 26 గంటల దాకా మారుతుంది. అందుకే ఒక తిథి రెండు రోజుల్లో పడుతుంది. పంచాంగం పట్టుకున్న అయ్యవారు ‘తగులు మిగులు వచ్చింది’ అంటాడు. ఈ రోజు తగిలింది, రేపటికి మిగిలింది. ఇంత పొదుపైన మాట నేను ఇంకెక్కడా చూళ్లేదు.

మీ ఊళ్లోనే ఇంకో ఉదాహరణ. అధికమాసం లేని ఏడాది తిరుమలలో సాలకట్ల (ఏటేటా జరిగే) బ్రహ్మోత్సవాలూ దసరా నవరాత్రులూ ఒకదానిమీద ఒకటి పడతాయి. 2025లో నవరాత్రులు సెప్టెంబరు 22న మొదలైతే, బ్రహ్మోత్సవాలు 24న మొదలై అక్టోబరు 2న ముగిశాయి. అధికమాసం వస్తే విడిపోతాయి, నవరాత్రులకు వేరే బ్రహ్మోత్సవాలు చేస్తారు. 2023లో సాలకట్లవి సెప్టెంబరు 18న, నవరాత్రి బ్రహ్మోత్సవాలు అక్టోబరు 15న మొదలయ్యాయి. ‘రెండూ కలిసొచ్చాయి’ అని ఇక్కడ ధైర్యంగా అనొచ్చు. పరీక్షల దగ్గర మాత్రం అనకండి. కలిసిరావడమంటే అదృష్టమని అర్థం తీసి, పిల్లలు మళ్లీ నవ్వుతారు.

టీచరమ్మ: బాగుంది సార్. మరి కెమిస్ట్రీలో? ఆర్బిటాళ్లు (పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉండే చోట్లు) ఒకదానిమీద ఒకటి పడ్డాయంటే ఏదో యాక్సిడెంట్ లాగుంది.

చిత్తూరు: అక్కడ మీ తెలుగు మీడియం పుస్తకాల్లో ‘అతిపాతం’ అని ఉందిగా, అదే రాయండి. అంత్య (కొసలు ఎదురెదురుగా కలిసే) అతిపాతంతో సిగ్మా బంధం, పార్శ్వ (పక్కపక్కన కలిసే) అతిపాతంతో పై (π) బంధం. సిగ్మాలో కలిసే భాగం ఎక్కువ, కాబట్టి బంధం గట్టిది. ఆ మాటకు వాడుక వచ్చేసింది, దాన్ని పీకి ఇంకోటి నాటొద్దు. సమితుల్లోనైతే ‘ఛేదనం’ ఉంది, లేదా ఉమ్మడి మూలకాలు ఉన్నాయంటే చాలు.

ఇంకొకరు (మదనపల్లె): అన్నా, ‘ఉమ్మడి’నే అన్నిచోట్లా వాడేస్తే పోలా?

చిత్తూరు: పోదు నాయనా. ‘ఉమ్మడి చిత్తూరు జిల్లా’ అంటున్నాం కదా, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు కొత్తగా ఏర్పడక ముందుండినదాన్ని. అక్కడ ఉమ్మడి అంటే మొత్తం కలిసి ఉన్నదని. రెండు పొలాల పట్టాల్లో హద్దులు ఓవర్‌ల్యాప్ అయినాయంటే ఉమ్మడి పొలమని అర్థం కాదు. గెనిమ పక్కన నాలుగు సెంట్లు ఇద్దరి లెక్కలోకీ ఎక్కాయని. అక్కడ ‘ఉమ్మడి’ అని చూడు, తమ్ముడూ అన్నా కచేరికి పోతారు.

మదనపల్లె: సరే, మా టైలర్ అనే ఓవర్‌లాకూ ఇదేనా?

చిత్తూరు: కాదు, అది పోగులు ఊడకుండా అంచుకు వేసే కుట్టు. పేరు పలికేటప్పుడు మాత్రం రెండూ కలగలుస్తాయి.

టీచరమ్మ: నోట్సులో ఇట్లా రాశా: ‘రెండు పరీక్షలూ ఒకే తేదీల్లో పడ్డాయి’. సరేనా?

చిత్తూరు: అన్ని తేదీలూనా?

టీచరమ్మ: లేదు సార్, మధ్యలో రెండు రోజులే.

చిత్తూరు: అయితే ‘రెండు పరీక్షలూ మధ్యలో రెండు రోజులు ఒకదానిమీద ఒకటి పడ్డాయి’ అని దిద్దండి.