కాలనీ రోడ్డుకు ఒకే తల్లి చెట్టు వేప మొక్కలా, రకరకాల గింజలా?

పడమటిల్లు: హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు మన రోడ్డు పొడవునా ఈ వానాకాలం వేప నాటాలని సంఘం తీర్మానించింది. ఒకే మంచి చెట్టు కొమ్మల నుంచి పెంచిన మొక్కలు ఇస్తామని ఒక నర్సరీ అంటోంది. అన్నీ నిటారుగా, ఒకే తీరుగా పెరుగుతాయి. కొందరేమో రకరకాల చెట్ల గింజలు ఏరి నారు పోద్దామంటున్నారు. మీ మాట చెప్పండి.

గింజలబుట్ట: ఒకే చెట్టు కొమ్మలు వద్దండీ. 2021లో సిటీ అంతా వేపలు కొమ్మల చివర్ల నుంచి ఎండుతూ వచ్చాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు. మన రోడ్డు మీదే ఒక చెట్టు మాడిపోతే పక్కది పచ్చగా నిలబడింది. వేప పూతకు తేనెటీగలు వేరే చెట్ల పుప్పొడి తెస్తాయి. అందుకే ఒకే చెట్టు కింద ఏరిన గింజల్లో కూడా తేడాలుంటాయి. పురుగుల్ని ఆపే అజాడిరాక్టిన్ అనే వేప పదార్థం సైతం చెట్టు చెట్టుకూ మారుతుంది. అన్నీ ఒకటే అయితే ఒకదాన్ని పట్టిన తెగులు వరసంతా పడుతుంది.

మోరీపక్క: ముందు ఆకులు ఎవరు ఊడుస్తారో చెప్పండి. ఫిబ్రవరి, మార్చి వస్తే మా మోరీ నిండా వేపాకే.

పడమటిల్లు: గింజలబుట్ట గారూ, ఆ తెగులు గింజల ద్వారా కూడా వస్తుంది. పది చోట్ల గింజలు తెస్తే పది చోట్ల రోగం తెచ్చినట్టు కాదా? మా ఇంటి ముందు చెట్టు ఆ ఏడాదే పోయింది, నా కళ్లముందే.

తేనెపట్టు: ఉగాదికి పూత మీద తేనెటీగలు, వానలకు ముందు పండ్లకు గోరింకలు, కోకిలలు వస్తాయి. నాటండి, ఎలాగైనా నాటండి.

గింజలబుట్ట: అందుకే ఎండుకొమ్మలున్న చెట్ల జోలికి పోకూడదు. జూన్, జులైలో పండ్లు ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి వెంటనే విత్తాలి. కొన్ని వారాలు దాటితే సరిగ్గా మొలవవు. ఇంతకీ మీ చెట్టు నిజంగా చచ్చిందా? అప్పుడు ఎండినవి చాలావరకు మళ్లీ చిగురించాయి. మీరు వేసవి దాకా ఆగారా, ముందే కొట్టించారా?

పడమటిల్లు: నా ఇంటి ముందు చెట్టుకు మీకు సంజాయిషీ ఇవ్వాలా? కొమ్మ విరిగి కారు మీద పడితే ఖర్చు మీరు పెట్టుకుంటారా?

మూడోగల్లీ: సార్, ఆ చెట్టు కింద ఇస్త్రీ బండి ఉండేది. ఇప్పుడు అక్కడ రెండు కార్లు ఉంటున్నాయి. ఆ అన్న ఎండకు తట్టుకోలేక వేరే గల్లీకి పోయాడు.

పడమటిల్లు: కార్లు పెట్టుకోవాలి మరి, ఎక్కడ పెట్టుకోమంటారు? రోడ్డు మీదికి కొమ్మలు చాచే చెట్టు నాకు వద్దు. నిటారు మొక్కలు అడిగింది అందుకే. బండ్లకు అడ్డొచ్చే చెట్టును ఈ కాలనీలో ఎవరూ బతకనివ్వరు.

గింజలబుట్ట: ఈ మాట మొదటే చెప్పాల్సింది. మీకు నీడ పరచని చెట్టు కావాలి. మాకు ఆ నీడే కావాలి. అక్కడ నిలబడి పనిచేసుకునే వాళ్లకు ఇంకేం ఉంది? ఆదివారం మీటింగ్‌లో గుంతలు ఎక్కడో తేల్చుదాం. గింజలు నేను ఏరి తెస్తాను. నర్సరీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టను.

మోరీపక్క: ఊడ్చే సంగతి కూడా అదే మీటింగ్‌లో తేలాలి.

పడమటిల్లు: వస్తాను. నా గేటు ముందు గుంతకు మాత్రం ఒప్పుకోను.